ఆగిన గుండెకు ఫైరింజను

ఫైరింజను గంట విన్నంతనే ఎవరి ఇల్లో అంటుకొన్నదని మనము వీధిలోనికి పరుగెత్తుదుము. అమెరికాలోని సియాటిల్ నగరమున ఆ ఇంజను పొగ లేని ఇంటి ముందును ఆగును. లోపల ఎవరికో గుండె ఆగియుండును.

గుండె ఆగినవానికి సాయమందక గడచిన ప్రతి నిమిషమునకు బ్రతుకు అవకాశము నూటికి 7 మొదలు 10 పాళ్లు తగ్గును. వైద్యుడెంత ఘనుడైనను ఆసుపత్రిలో కూర్చుండి చేయగలిగినది లేదు. అగ్నిమాపక కేంద్రములన్ననో పేటపేటకు గలవు. భటులు రేయింబవళ్లు సిద్ధముగా నుందురు. ఇది గమనించియే వైద్యుడు లెనార్డ్ కాబ్, దళాధిపతి గోర్డన్ వికరీ కలిసి 1970లో భటులకు హృద్రోగ చికిత్స నేర్పించి 'మెడిక్ వన్' సేవను నెలకొల్పిరి.

అంతటితో తృప్తి పడలేదు. ఎంత వేగమైన బండికైనను దారి పట్టును గదా! 1971 నుండి, రొమ్ము నొక్కి రక్తము నడిపించు విద్యను సామాన్య పౌరులకే నేర్పసాగిరి.

మన తెలుగునాట 108 సేవ 2005 ఆగస్టు 15న మొదలయినది. మనిషి పలుకక, ఊపిరాడకున్నచో ముందు ఆ పిలుపు చేయవలెను. బండి వచ్చులోపల రొమ్ము నడుమ అరచేతులు ఒకదానిపై నొకటి ఉంచి, రెండంగుళముల లోతున, నిమిషమునకు 100 మొదలు 120 మార్లు నొక్కుచుండవలెను. మేమును నేర్చుకొంటిమి, రెండు నిమిషములకే చేతులు సోలినవి. పక్కవారిని పిలిచి మార్చుకొనుచుండవలెను.