లెక్కలు వ్రాయు యంత్రము

చంకలో దస్త్రముతో కచేరికి పోవు కరణమును చూచినవారు మీలో పెక్కుమంది యుందురు. ఆ యుద్యోగము అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున 1984లో రద్దయినది. లెక్కలు వ్రాయు పని మాత్రము రద్దు కాలేదు. వేఱు చేతులలోనికి పోయినది. ఇపుడది కృత్రిమ మేధ యనబడు యంత్రబుద్ధికి సంక్రమించుచున్నది.

కంప్యూటరు లెక్కలు కూడుట క్రొత్త గాదు. క్రొత్త యేమనగా, అది కాగితమును చదువుచున్నది. ఎరువుల కొట్టు బిల్లును ఫోటో తీసి యిచ్చినచో, అందలి తేదీ, అమ్మినవాని పేరు, సొమ్ము, పన్ను వేఱుపఱచి, ఏ పద్దు క్రింద వ్రాయవలెనో తానే సూచించును. చిట్టాకును బ్యాంకు లెక్కకును గల తేడాను గుమాస్తా రెండు దినములు వెదకుచుండగా, అది నిమిషములలో చూపును. పూర్వము ఆడిటరు వేయి రశీదులలో ఏబదింటిని ఏరి చూచెడివాడు. ఇపుడు వేయింటిని పరిశీలించి, వింతగా నున్నవానిని వేఱు చేసి యిచ్చు సాధనములు వచ్చినవి. ఒకే బిల్లునకు రెండు మారులు సొమ్ము చెల్లించిన సంగతి దానికి వెంటనే దొరకును. 2017 జూలై 1న జీ.ఎస్.టి. వచ్చిన పిదప, అమ్మినవాని లెక్క కొన్నవాని లెక్కతో సరిపోవలసియున్నందున, ఈ సరిచూచు పని మిక్కిలి పెరిగినది. దానిని యంత్రమునకు వదలుట మంచిదే యని నా యభిప్రాయము. రాత్రులు దీపము ముందు కూర్చుండి అంకెలు పోల్చుటలో పుణ్యమేమియు లేదు.

అయితే యంత్రమునకు ఒక దుర్గుణము కలదు. తెలియనిదానిని సయితము తెలిసినట్లే తీరుగా పలుకును. ఆస్ట్రేలియా ప్రభుత్వమునకు డెలాయిట్ అను ప్రసిద్ధ ఆడిట్ సంస్థ వ్రాసియిచ్చిన యొక నివేదికలో, లేని రచనలను ఉన్నట్లు పేర్కొనుట 2025లో బయటపడినది. సవరించిన ప్రతిలో కృత్రిమ మేధను వాడితిమని తెలిపి, ఆ సంస్థ రుసుములో కొంత తిరిగి యిచ్చుటకు ఒప్పుకొన్నది.

నన్ను అంతకంటె కలవరపెట్టునది వేఱొకటి. చార్టర్డ్ అకౌంటెంటు కాగోరు యువకుడు గాని యువతి గాని పరీక్షలతోపాటు ఒక పెద్ద యొద్ద పని నేర్వవలెను. ఈ గడువు పూర్వము మూడేండ్లు; 2023 నుండి రెండేండ్లు. ఆ కాలమున వారు చేయునదంతయు ఎక్కువగా రశీదులు సరిచూచుటయే. విసుగు పుట్టించు పని. కాని వేల రశీదులు చేతిలో తిరిగిన పిదపనే, ఆఱు నెలల రశీదులన్నియు ఒకే సిరాతో, ఒకే చేతివ్రాతతో, మడత నలగక యుండుట చూచి, ఇవి యొక్క రాత్రిలో పుట్టినవని పసికట్టు చూపు వచ్చును. ఆ పని యంత్రము పాలైనచో ఈ చూపు వారికి ఎచ్చట అలవడును? దీనికి సరియైన సమాధానము నేనింతవఱకు వినలేదు.

ఇది పట్టణపు మాట యని త్రోసివేయకుడు. 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలను కంప్యూటరున కెక్కించుటకు కేంద్ర ప్రభుత్వము 2022లో ఆమోదము తెలిపినది. గిడ్డంగిలో నూఱు బస్తాల యెరువు నిలువ యున్నదని వ్రాసియిచ్చినచో, యంత్రము దానికి తగిన పద్దులు చక్కగా వ్రాయును. గిడ్డంగి తలుపు తెఱచి బస్తాలు ఎంచునది మనుష్యుడే. కావున సంఘపు మహాసభలో లెక్కలు చదువునపుడు, బస్తాలు ఎంచినవారెవరో, ఏ దినమున ఎంచిరో, క్రింద చేవ్రాలు ఎవరిదో అడుగుడు. చేవ్రాలు చేసినవారు సభలో నున్నచో, లేచి నిలిచి చెప్పుమనుడు.