పిల్లల సైన్సు పోటీలు - పెన్షనర్ల పాత్ర

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీం కోర్టు, పెన్షన్ దయాధర్మం కాదు, హక్కు అని తీర్పు చెప్పింది. అందుకే ఈ రోజును మనం పెన్షనర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఈ వేదిక మీద మామూలుగా కరువు భృతి గురించి, వైద్య బిల్లుల గురించి మాట్లాడుకుంటాము. వాటి గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ సభలో ఉన్నారు. ఏదైనా ఒక విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను అడిగినప్పుడు, హైస్కూలు పిల్లల సైన్సు పోటీల గురించి చెబుతానన్నాను. ఆయన నవ్వి, "గుమాస్తాగా రిటైరైన మీకూ సైన్సుకూ ఏమిటండీ సంబంధం?" అన్నారు. ఆ సంబంధం ఏమిటో మనవి చేయడానికే ఇక్కడ నిలబడ్డాను.

ముందుగా ఈ పోటీలు ఏమిటో క్లుప్తంగా చెబుతాను. మన కాలంలో సైన్సు ఎగ్జిబిషన్ అంటే అట్ట మీద అగ్నిపర్వతం, బల్బు వెలిగే ఇల్లు. అవి చూడముచ్చటగా ఉండేవి గాని, వాటిలో పిల్లవాడు కొత్తగా కనుక్కొన్నది ఏమీ ఉండేది కాదు. 1993లో కేంద్ర ప్రభుత్వ సైన్సు, టెక్నాలజీ శాఖ వారు జాతీయ బాలల సైన్సు కాంగ్రెస్ అనే కార్యక్రమాన్ని మొదలుపెట్టారు. పది నుంచి పదిహేడు ఏళ్ల పిల్లలు తమ ఊరిలోని ఒక సమస్యను తీసుకొని, ఒక టీచరు సలహాతో, స్వయంగా కొలిచి, లెక్కించి, తేలిన విషయాన్ని చెప్పాలి. ఎప్పుడు ఏం చేశారో ఒక పుస్తకంలో రాసి పెట్టాలి. బడి మానేసిన పిల్లలకు కూడా అందులో చోటిచ్చారు. అది నాకు ఎంతో నచ్చిన నిబంధన.

తరువాత ఇన్‌స్పైర్ పథకం వచ్చింది. ఇప్పుడు దానిని ఇన్‌స్పైర్ మానక్ అంటున్నారు. బడి తరఫున హెడ్మాస్టరుగారు పిల్లల ఆలోచనలను కంప్యూటరులో పంపిస్తారు. ఎంపికైన ఒక్కొక్క ఆలోచనకు 10,000 రూపాయలు నేరుగా ఆ విద్యార్థి బ్యాంకు ఖాతాలో వేస్తారు. ఆ డబ్బుతో నమూనా తయారుచేసి జిల్లా ప్రదర్శనకు తేవాలి. అక్కడ బాగున్నవి రాష్ట్రానికి, ఆపై ఢిల్లీకి పోతాయి.

ఇవి మన దేశంలో పుట్టిన ఆలోచనలే అనుకోనక్కరలేదు. అమెరికాలో 1950లో ఫిలడెల్ఫియా నగరంలో 30 మంది విద్యార్థులతో మొదలైన జాతీయ సైన్సు ప్రదర్శన, కాలక్రమాన అనేక దేశాల హైస్కూలు పిల్లలు పాల్గొనే అంతర్జాతీయ పోటీగా పెరిగింది. ఎంత పెద్ద పోటీ అయినా పరీక్షకులు చివరికి అడిగేది ఒకటే: "ఇందులో నువ్వు చేసింది ఏది?"

మిత్రులారా, ఆ ప్రశ్న దగ్గరే నేను ఒకసారి దోషిగా నిలబడ్డాను. కొన్నేళ్ల కింద మా మనవరాలు ఎనిమిదో తరగతిలో ఉండగా, బావుల్లో నీటి మట్టం మీద ప్రాజెక్టు చేయమని బడిలో చెప్పారు. జనగామ ప్రాంతం మెట్ట నేల. బావి ఎండటం, బోరు ఎండటం మనకు తెలియని సంగతి కాదు. అంశం మంచిదే. కాని పిల్లకు యూనిట్ పరీక్షలు ఉన్నాయి, గడువు దగ్గరపడింది. రిటైరై ఖాళీగా ఉన్నవాణ్ణి, నేను పూనుకున్నాను. పాత పుస్తకాలు, దినపత్రికలు ముందు వేసుకొని నివేదిక తయారుచేశాను. నాలుగు బావుల పేరిట అంకెలు నేనే పొందికగా వేశాను. ఆఫీసులో అందరూ మెచ్చుకున్న దస్తూరితో ముప్పై పేజీలు రాసి, మార్జిన్లు గీసి, దారంతో కుట్టాను. థర్మోకోల్ బావిని బజారులో చేయించాను.

ప్రదర్శన రోజు నేను కూడా వెళ్లి గోడ వారన నిలబడ్డాను. పరీక్షకులు నివేదిక తిరగేసి, "చాలా బాగుందమ్మా. బావి లోతు దేనితో కొలిచావు?" అని అడిగారు. పిల్ల మాట్లాడలేదు. "తాడుతోనా? తాడు ఎంత పొడుగు?" అన్నారు. అది నా వైపు చూసి, "మా తాతకు తెలుసు సార్" అన్నది. ఆయన ఇంకేమీ అనలేదు. పుస్తకం మూసి దాని చేతికిచ్చి పక్క బల్ల దగ్గరికి పోయారు.

ఆటోలో ఇంటికి వచ్చేదాకా మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఇంట్లోకి వచ్చినాక అన్నది: "తాతా, నువ్వు రాసింది నాకే సమజ్ కాలే. అందరి ముందట నేను దొంగ లెక్క నిలబడ్డ." ముప్పై ఆరేళ్ల సర్వీసులో ఒక్క మెమో తీసుకోని వాణ్ణి, ఆ రోజు పదమూడేళ్ల పిల్ల చేత మెమో తీసుకున్నాను.

మరుసటి సంవత్సరం అదే అంశం తీసుకుంటానని అది పట్టుబట్టింది. ఈసారి తాతకు ఒకటే పని: బావి గట్టు దగ్గర తోడుగా నిలబడటం. మా వాడలో నాలుగు బావులు ఎంచుకున్నది. నూలు తాడుకు రాయి కట్టి, అడుగుకొక ముడి వేసి, జులై నెల నుంచి ప్రతి ఆదివారం ఉదయం ఏడు గంటలకు గట్టు నుంచి నీళ్ల దాకా లోతు కొలిచి నోటుబుక్కులో రాసుకున్నది.

నాలుగో వారం ఒక చిక్కు వచ్చింది. బడి నుంచి తెచ్చిన టేపుతో తాడును సరిచూస్తే, పది ముడుల దూరం పది అడుగులు లేదు, నాలుగు అంగుళాలు తక్కువ ఉన్నది. నూలు తాడు తడిస్తే కుంచించుకుపోతుంది. ముడులు దగ్గరపడి, లోతు ఉన్నదానికంటే ఎక్కువ కనబడుతుంది. అంటే మూడు వారాల అంకెలు తప్పు. నేను అలవాటు కొద్దీ, "ఏం కాదు బిడ్డా, ఒక్కొక్క అంకెలో కొంత తగ్గించి రాసుకుంటే సరిపోతది" అన్నాను. అది నా మొహం చూసి, "ఏ వారం ఎంత కుంచించుకపోయిందో మనకెట్ల తెలుసు తాతా?" అన్నది.

నా దగ్గర జవాబు లేదు. కాని ఆ మాటతో నలభై ఏళ్లుగా మనసులో ఉన్న ఒక సంగతి బయటికి వచ్చింది. అది దానికి చెప్పాను, ఈ రోజు మీకూ చెబుతున్నాను. నేను కొత్తగా నౌకరీలో చేరినప్పుడు ఒక తాలూకా ఆఫీసులో వాన కొలత రిజిస్టరు నా సీటులో ఉండేది. ఆవరణలో గరాటు, సీసా ఉన్న పరికరం ఉండేది. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు సీసాలోని నీళ్లు కొలగ్లాసులో పోసి మిల్లీమీటర్లలో రాయాలి. ఒక రాత్రి పెద్ద వాన పడింది. తెల్లవారి నేను ఆలస్యంగా వెళ్లాను. అప్పటికే ఎవరో సీసా ఖాళీ చేశారు. నేను ఆకాశం వైపు చూసి, పక్క తాలూకా అంకె కనుక్కొని, దాదాపు అంతే ఒక అంకె వేసి పంపాను. అది జిల్లాకు పోయింది, అక్కడి నుంచి పైకి పోయింది. నన్ను ఎవరూ అడగలేదు.

అంతా విని మనవరాలు అడిగింది: "అయితే ఆ అంకె ఇప్పటికి గూడ అట్లనే ఉన్నదా తాతా?"

"ఉన్నది బిడ్డా" అన్నాను.

అప్పుడు నేను దానికి నా వృత్తి ధర్మం ఒకటి నేర్పాను. రిజిస్టరులో తప్పు పడితే రబ్బరుతో చెరపకూడదు, కాగితం చింపకూడదు, దిద్దకూడదు. లోపలి అంకె కనబడేటట్టు ఒకే ఒక గీత కొట్టి, పక్కన కారణం రాసి, తేదీ వేసి, పొడి సంతకం చేయాలి. మూడు వారాల అంకెల మీద అది అట్లాగే గీత కొట్టి, "తాడు తడిసి కుంచించుకుపోయినందున లెక్కలోకి తీసుకోలేదు" అని రాసింది. నాలుగో వారం నుంచి టేపుతో కొలిచింది. తరువాత తెలిసింది ఏమిటంటే, ప్రపంచమంతటా శాస్త్రవేత్తల నోటుబుక్కుకు ఉన్న నియమం కూడా ఇదేనట. కార్యదర్శిగారూ, సైన్సుకూ గుమాస్తాకూ ఉన్న సంబంధం ఇదీ!

నవంబరు దాకా కొలిస్తే ఒక విచిత్రం తేలింది. వానలు పడ్డ వారంలోనే మూడు బావుల్లో నీళ్లు పైకి వచ్చాయి. నాలుగో బావిలో మాత్రం రెండు వారాలు ఆలస్యంగా వచ్చాయి. ఎందుకో ఇద్దరికీ తెలియలేదు. "ఏదో ఒక కారణం రాయరాదూ?" అని నా నోటి దాకా వచ్చింది, మింగుకున్నాను. అది నివేదికలో "కారణం తెలియలేదు. వచ్చే సంవత్సరం ఇంకా రెండు బావులు కలిపి చూడాలి" అని రాసింది. నివేదిక పదకొండు పేజీలు, దస్తూరి కోడి గీతలు. జిల్లా స్థాయిలోనే ఆగిపోయింది, బహుమతి రాలేదు. కాని పరీక్షకులు ఆ గీత కొట్టిన పేజీ దగ్గర ఆగి పావుగంట ప్రశ్నలు వేశారు. అన్నింటికీ అదే జవాబు చెప్పింది. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఇక మన మూడు జిల్లాల సంగతి. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడక ముందు మనలో చాలామందిమి ఉమ్మడి వరంగల్ వాళ్లం. గార్ల, బయ్యారం వారు ఖమ్మం నుంచి, మహదేవపూర్, కాటారం వారు కరీంనగర్ నుంచి వచ్చి కలిశారు. అప్పట్లో ఎక్కడి పిల్లలైనా జిల్లా పోటీ అంటే దూరపు పట్నానికి పోవలసిందే. ఇప్పుడు ఎవరి జిల్లా ప్రదర్శన వారికి ఉన్నది. దారి దగ్గరైంది. కావలసింది ప్రశ్నలు. అవి మన కళ్ల ముందే ఉన్నాయి.

మహబూబాబాద్ వైపు మిర్చి పండుతుంది. నేల మీద ఆరబోసిన మిర్చి, పరదా మీద ఆరబోసిన మిర్చి రోజుకు ఎంత తూకం తగ్గుతాయో త్రాసు ఉంటే ఏ పిల్లయినా చూడవచ్చు. భూపాలపల్లిలో సింగరేణి గనులు ఉన్నాయి, చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నది. బొగ్గు లారీలు నడిచే రోడ్డుకు దగ్గరి చెట్ల ఆకుల మీద, దూరపు చెట్ల ఆకుల మీద ఎంత దుమ్ము పడుతుందో తుడిచి పోల్చవచ్చు. రామప్ప గుడి 2019లో ములుగు జిల్లాలోకి పోయింది గాని, మనకు అది ఎప్పటికీ మన గుడే. దాని శిఖరానికి నీటి మీద తేలే ఇటుకలు వాడారు. మట్టిలో ఊక పాళ్లు మార్చి ఇటుకలు కాల్చి, ఏది ఎంత తేలికో తూచి చూడటం హైస్కూలు పిల్లలకు చేతనైన పనే, పెద్దవాళ్లు బట్టీ దగ్గర ఉంటే చాలు.

ఇంటి సమస్య నుంచే పెద్ద పని పుడుతుందనడానికి సాక్ష్యం మన పొరుగునే ఉన్నది. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశంగారి చదువు ఆరో తరగతితో ఆగిపోయింది. చీర కోసం ఆసు పోసేటప్పుడు వేల సార్లు చేయి ఆడించి తల్లి లక్ష్మిగారు పడే భుజం నొప్పి చూడలేక, ఏళ్ల తరబడి ప్రయత్నించి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తి చేశారు. తల్లి పేరే దానికి పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఏ పోటీ కోసమూ అది చేయలేదు. ఎదురుగా ఉన్న కష్టాన్ని చూసి చేశారు.

చివరగా మన పెన్షనర్లకు కొన్ని మనవులు. మొదటిది, పిల్లల నివేదిక మనం రాయవద్దు. "ఎట్లా కొలిచినవ్? ఎన్నిసార్లు కొలిచినవ్?" అని అడుగుదాము, చాలు. రెండవది, తేదీ వేయడం, వరస నంబరు వేయడం, తప్పును చెరపకుండా గీత కొట్టడం మనకు వచ్చినంత బాగా ఎవరికీ రాదు. అది నేర్పుదాము. మూడవది, ఇన్‌స్పైర్ డబ్బు పిల్లల ఖాతాలోనే పడుతుంది. పాస్‌బుక్కులో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు ఉంటే ఎంత తిరగవలసి వస్తుందో మనకంటే ఎవరికి తెలుసు? మన వాడలో ఉన్న పేద పిల్లలకు ఆ పని ముందే చేసిపెడదాము. నాలుగవది, బావి గట్టు అయినా, ఇటుక బట్టీ అయినా, ప్రదర్శనకు బస్సు ప్రయాణం అయినా పిల్లకు తోడుగా పోదాము. అక్కడ మాత్రం గోడ వారన నిలబడదాము.

నా వాన కొలత అంకెను ఇప్పుడు నేను సరిదిద్దలేను. ఆ రిజిస్టరు ఏ రికార్డు రూములో ఉన్నదో కూడా తెలియదు. కాని మన ఇళ్లలో ఇప్పుడు రాస్తున్న నోటుబుక్కుల్లో అటువంటి అంకె ఒక్కటి కూడా పడకుండా చూడటం మన చేతిలో ఉన్నది.