ముగ్గురు లక్ష్ముల లెక్క

ఈవేళ మీతో డేటాబేస్ అనే దాన్ని గురించి నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. పేరు వినగానే ఇది మనకు కాదని లేచి పొయ్యి దగ్గరకు వెళ్ళిపోకండి. నేనూ మెట్రిక్ దాకా చదివినదాన్నే. ఈ సంగతి నాకు తెలిసింది మా పొదుపు సంఘంలో ఒకామె మనసు కష్టపెట్టిన తరువాత.

హుజూర్‌నగర్‌లో మా సంఘానికి లెక్కలు రాసేది నేనే. పన్నెండు మందిమి. అందులో ముగ్గురు లక్ష్ములు. మన వైపు లక్ష్మి లేని వీధి ఎక్కడుంది చెప్పండి! నెలనెలా కొత్త పేజీ తీసి, పేరు, భర్త పేరు, ఫోను నంబరు, తీసుకున్న అప్పు, కట్టిన వాయిదా, మిగిలిన బాకీ అన్నీ మొదటి నుంచీ మళ్ళీ రాసేదాన్ని. భర్త పేరు రాస్తే ఏ లక్ష్మో తెలుస్తుంది గదా అంటారేమో. ఇద్దరి భర్తలూ వెంకన్నలే! మూడో లక్ష్మి భర్త ఇల్లు విడిచి వెళ్ళి ఏళ్ళయింది. ప్రతి నెలా ఆ గడి దగ్గర నా కలం ఆగేది, ఆమె తల దించుకునేది. ఆ గడి అసలెందుకు పెట్టానో నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఒక నెలలో ఒక లక్ష్మి కట్టిన అయిదు వందలు నేను ఇంకో లక్ష్మి వరుసలో రాశాను. తరువాత లెక్క చూసిన రోజు, అందరి ముందూ "ఆ నెల వాయిదా నువ్వు కట్టలేదు గదా" అన్నాను. "కట్టిన అక్కా, నీ చేతికే ఇచ్చిన" అంది ఆమె. పుస్తకం నా చేతిలో ఉంది కనుక నా మాటే నెగ్గింది. ఆమె ఇంకేమీ అనకుండా, నాట్లకు పోయి తెచ్చుకున్న కూలి డబ్బులోంచి మరో అయిదు వందలు తెచ్చి పెట్టింది.

సెలవులకు వచ్చిన మా అక్క కూతురు, కంప్యూటరు చదువు చదువుతున్న పిల్ల, ఆ పుస్తకం తిరగేసి "చిన్నమ్మా, ఒకటే సంగతి ఇన్నిసార్లు ఎందుకు రాసినవ్?" అని అడిగింది. తరువాత మూడు నోటు పుస్తకాలు తెప్పించింది. మొదటిదాంట్లో మనుషులు మాత్రమే. ఒక్కొక్కరికీ ఒక నంబరు, దాని పక్కన పేరు, ఫోను, అంతే. రెండోదాంట్లో అప్పులు. అక్కడ పేరు ఉండదు, మనిషి నంబరు ఉంటుంది. అప్పుకూ ఒక నంబరు. మూడోదాంట్లో వాయిదాలు: అప్పు నంబరు, తేదీ, మొత్తం. ఫోను నంబరు మారితే ఒకే చోట దిద్దుకుంటే చాలు. ఒక మనిషికి ఎన్ని అప్పులైనా ఉండవచ్చు, ఒక అప్పుకు ఎన్ని వాయిదాలైనా ఉండవచ్చు, కానీ ప్రతి వాయిదా ఒకే అప్పుకు, ప్రతి అప్పూ ఒకే మనిషికి చేరుతుంది. ఈ పుస్తకాలనే కంప్యూటరు వాళ్ళు టేబుళ్ళు అంటారు. మనిషిని గుర్తుపట్టే ఆ నంబరును ప్రైమరీ కీ అంటారు. అదే నంబరు అప్పుల పుస్తకంలోకి వెళ్ళినప్పుడు ఫారిన్ కీ అవుతుంది, అత్తవారింటికి వెళ్ళిన పిల్లలాగా.

ఇంకొకటి కూడా చెప్పింది. ఖాళీ వేరు, సున్నా వేరు. సున్నా అంటే కట్టలేదని తెలుసు. ఖాళీ అంటే కట్టిందో లేదో మనకు తెలియదు. నేను ఖాళీ గడిని చూసి సున్నా అనుకున్నాను. ఆమెను దొంగను చేసింది అదే.

ఈ టేబుళ్ళ పద్ధతిని 1970లో ఎడ్గర్ కాడ్ అనే ఆయన ఒక వ్యాసంలో వివరించాడు. ఇంగ్లండులో పుట్టి, అమెరికాలో ఐ.బి.ఎం. కంపెనీలో పనిచేసినవాడు. అంతకు ముందు, ఏ సంగతి యంత్రంలో ఏ మూల దాచారో దారి తెలిసినవాళ్ళకే అది దొరికేది. ఏం కావాలో అడిగితే చాలు, వెతకడం యంత్రం పని కావాలన్నది ఆయన పట్టు.

ఇక మన రేషను కార్డు సంగతి చూడండి. 2025 మార్చి 30, ఉగాది నాడు, సన్నబియ్యం పథకాన్ని మా హుజూర్‌నగర్‌లోనే మొదలుపెట్టారు. మనిషికి ఆరు కిలోలు. కంట్రోలు షాపులో కార్డు నంబరు చెప్పి మిషను మీద వేలు పెడతాం. దాని వెనక కుటుంబాల టేబుల్ ఒకటి, మనుషుల టేబుల్ ఒకటి ఉంటాయి. ఒక మనిషి ఒక్క కార్డులోనే ఉండాలి. అందుకే పెళ్ళయిన పిల్ల పేరు తల్లి కార్డులోంచి తీయిస్తేగాని అత్తగారి కార్డులో ఎక్కదు. నియమం సరైనదే. కానీ ఇక్కడ తీసేసి, అక్కడ చేర్చేలోపు నెలలు గడిస్తే ఆ పిల్ల ఏ ఇంటా లేని మనిషి అవుతుంది. డేటాబేస్‌లో దీనికి విరుగుడు ఉంది, ట్రాన్సాక్షన్ అంటారు. తీయడం, చేర్చడం రెండూ జరగాలి, లేదా రెండూ జరగకూడదు. బ్యాంకులో డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు వెళ్ళేది ఇలాగే. డబ్బుకు ఉన్న ఈ భద్రత ఇల్లు మారే ఆడపిల్లకు కూడా ఉండాలని నాకనిపిస్తుంది.

మరి ఫోనులో మనం చూసే వెబ్ పేజీ? లెక్కలు అందులో ఉండవు. అది కిటికీ మాత్రమే. మనం నంబరు కొట్టి నొక్కితే ఆ ప్రశ్న దూరాన ఉన్న సర్వరుకు వెళుతుంది, అది డేటాబేస్‌ను అడిగి జవాబు తెచ్చి కిటికీలో పెడుతుంది. పేజీకి ఎముకల గూడు హెచ్.టి.ఎం.ఎల్. జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ 1989లో తలపెట్టిన వెబ్ కోసం పుట్టింది. రంగులు, అమరిక సి.ఎస్.ఎస్. చూసుకుంటుంది. అదే పేజీ చిన్న ఫోనులోనూ పెద్ద తెర మీదా ఒదిగేది దానివల్లే. నొక్కితే పలికేట్టు చేసేది జావాస్క్రిప్ట్. 1995లో బ్రెండన్ ఐక్ దాన్ని పది రోజుల్లో తయారుచేశాడు. కిటికీ ఎంత అందంగా ఉన్నా లోపల పుస్తకం తప్పయితే కనపడేది తప్పే. ఆ తప్పు మరింత నమ్మకంగా కనపడుతుంది, అంతే.

మా పిల్ల పాత లెక్కలన్నీ కొత్త పుస్తకాల్లోకి ఎక్కిస్తుంటే, ఆ నెలలో ఒకే అప్పుకు రెండు వాయిదాలు పడి ఉన్నాయి. అప్పుడు బయటపడింది. మరుసటి సమావేశంలో అయిదు వందలు తిరిగి ఇచ్చి, అందరి ముందు అన్నదానికి అందరి ముందే క్షమించమని అడిగాను. ఆమె "పోనీలే అక్కా" అంది. భర్త పేరు గడి కొత్త పుస్తకంలో లేదు. లేదని ఎవరూ అడగలేదు కూడా.

ఆమె నంబరు ఏడు. ఇప్పుడు డబ్బు ఇచ్చేటప్పుడు "అక్కా, ఏడో నంబరు" అని చెప్పి, నేను రాసి చూపించిందాకా అక్కడినుంచి కదలదు.