నాన్న టైల్‌స్టాక్, నా మినీ లేత్: కొయ్యకుండా ఎలా కలిపాం?

ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా, చూడండి. పచ్చ రంగు పెచ్చులు ఊడిపోయిన ఈ బీడు ముక్క మా నాన్నది. దీన్ని టైల్‌స్టాక్ అంటారు. దీని కింద మెరుస్తున్న పలక నాది. ఈ రెండిటినీ కలపడానికి తెనాలి, బాపట్ల, రేపల్లె మూడు ఊళ్లూ తిరిగాను. మధ్యలో ఒకసారి పూర్తిగా ఫెయిల్ అయ్యాను కూడా. ఈ రోజు ఎపిసోడ్ అదే.

లేత్ ఎప్పుడూ చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. లేత్‌లో పని తిరుగుతుంది, టూల్ కదలకుండా నిలబడి కోస్తుంది. ఎడమవైపు చక్ ఉన్న భాగం హెడ్‌స్టాక్. కుడివైపు బెడ్ మీద ముందుకీ వెనక్కీ జరిగేది టైల్‌స్టాక్. పొడవాటి రాడ్డు కొస ఊగకుండా పట్టుకోవాలన్నా, సరిగ్గా నడిమధ్యలో బెజ్జం వెయ్యాలన్నా ఇదే దిక్కు.

నా దగ్గరున్నది చైనా మినీ లేత్. 180 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ముక్క దాకా తిప్పొచ్చు. ఉద్యోగం మానేసినప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఇల్లు మారేటప్పుడు దాని టైల్‌స్టాక్ నా చేతిలోంచే జారి గచ్చు మీద పడింది. కింది భాగం రెండు ముక్కలు. ఎవర్నీ అనడానికి లేదు, తప్పు నాదే.

ఇప్పుడు నాన్న సంగతి. రేపల్లెలో మా నాన్నకి చిన్న షెడ్డు ఉండేది. అందులో ఒక బెంచ్ లేత్, 3 అంగుళాల సెంటర్ ఎత్తుది. 2009 అక్టోబర్‌లో కృష్ణా వరద వచ్చినప్పుడు ఆ లేత్ బురదనీళ్లలో ఉండిపోయింది. బెడ్ మీద తుప్పు తినేసి గుంటలు పడ్డాయి. చివరికి తూకానికి అమ్మేశారు. టైల్‌స్టాక్ మాత్రం అప్పుడు తెనాలిలో రిపేరుకి ఇచ్చి ఉంది కాబట్టి బతికింది. అప్పట్నుంచి గోనెసంచిలో చుట్టి మంచం కింద పెట్టారు. నాన్న మళ్లీ సొంత షెడ్డు పెట్టలేదు. వేరేవాళ్ల దగ్గర టర్నర్‌గా చేశారు.

నేను అడిగాను: "నాన్నా, అది నా మిషన్‌కి పెట్టుకుంటా. కింద కొంచెం కోసి, గాడి పెడితే సరిపోతుంది."

నాన్న ఒకటే అన్నారు: "కోస్తే మళ్లీ అతుకుతావా?"

నాకు కోపం వచ్చింది, నిజం చెప్తున్నా. పదిహేనేళ్లకి పైగా మూలన పడున్న ఇనుము కదా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, ఆఫీసులో మా టీమ్ లీడ్ రోజూ చెప్పిన మాట కూడా ఇదే. నడుస్తున్న పాత కోడ్‌ని ముట్టుకోవద్దు, మధ్యలో ఒక లేయర్ రాయి, తేడా వస్తే ఆ లేయర్ తీసి పారెయ్యి. ఇక్కడ ఆ లేయరే ఈ పలక.

అదృష్టం ఏంటంటే, చాలా టైల్‌స్టాక్‌లు పైభాగం, అడుగుపలక అని రెండు ముక్కలుగా వస్తాయి. నాన్నది కూడా అంతే. బోల్టులు విప్పి పాత అడుగుపలక పక్కన పెట్టేస్తే, కొత్త పలక ఒక్కటి చేసుకుంటే చాలు.

మరి ఎంత మందం? ఇక్కడ టేపు పనికిరాదు. చక్‌లో ఒక రాడ్డు బిగించి, విప్పకుండా అక్కడే 20.00 మిల్లీమీటర్లకి కోశాను. అలా కోసిన రాడ్డు మధ్యగీతే స్పిండిల్ మధ్యగీత. బెడ్ మీది చదును పట్టా నుంచి రాడ్డు అడుగుకి 80.10 వచ్చింది. దానికి రాడ్డులో సగం 10 కలిపితే 90.10. నాన్న టైల్‌స్టాక్ పైభాగం అడుగు నుంచి సెంటర్‌కి 62.30. తీసేస్తే 27.80. పలక మందం అదే.

మొదటిసారి తొందరపడ్డాను. అల్యూమినియం పలక దొరికింది, ఫైలుతో సాపు చేసి, షిమ్ములు పెట్టి బిగించేశాను. డ్రిల్ వేస్తే బెజ్జం మొదట్లో వెడల్పుగా, లోపలికి పోయేకొద్దీ పక్కకి పోయింది. సెంటర్ ఎత్తు మాత్రం కరెక్టే! మూడు గంటలు తల పట్టుకుని కూర్చున్నాక అర్థమైంది. ఎత్తు ఒక్కటి కుదిరితే చాలదు. పక్కకి జరగకూడదు, పైకీ కిందకీ వాలకూడదు, అడ్డంగా తిరగకూడదు. నాలుగూ కుదరాలి. నాది ముక్కు కిందకి వాలింది. బ్యారెల్ లోపల ఉన్నప్పుడు బాగుంది, 50 మిల్లీమీటర్లు బయటికి తిప్పితే 0.06 కిందకి దిగింది. 0.06 అంటే దాదాపు ఒక తలవెంట్రుక మందం. డ్రిల్ దారి తప్పడానికి అంత చాలు.

సరే, మళ్లీ మొదటికి. ఈసారి బీడు పలకే కావాలి. బీడు మీద బీడు బాగా జారుతుంది, తురమడానికి లొంగుతుంది. తెనాలిలో పాత ఇనుము కొట్ల సంగతి మీకు తెలుసు కదా. నట్లూ బోల్టులూ ఏరి నిలువెత్తు విగ్రహాలు చేసే శిల్పులున్న ఊరు అది. అక్కడ ఒక పాత మిషన్ కాలు దొరికింది, 40 మిల్లీమీటర్ల మందం. తూకం వేసి ఇచ్చారు.

అక్కడి నుంచి రైల్లో బాపట్ల. తెలిసిన బాబాయ్ దగ్గర పాత షేపర్ ఉంది. షేపర్ అంటే టూల్ ముందుకీ వెనక్కీ పోతూ గీసుకుంటూ వెళ్లే మిషన్. నా బెడ్‌కి ఒకవైపు చదును పట్టా, ఇంకోవైపు తిరగేసిన వీ ఆకారం ఉంది, 90 డిగ్రీలు. బాబాయ్ షేపర్ తలని అటు 45, ఇటు 45 తిప్పి పలక అడుగున వీ గాడి కోశారు. "ఎంతకి దించమంటావ్?" అంటే 27.80 అన్నాను. ఆయన నవ్వి, "28.10కి వదుల్తున్నా. మిగతాది మీ నాన్న చూసుకుంటాడ్లే" అన్నారు.

చెరుకుపల్లి మీదుగా బస్సెక్కి రేపల్లె చేరాను. నాన్న ఏమీ మాట్లాడలేదు. బెడ్ మీద పల్చగా ప్రష్యన్ బ్లూ రాశారు. పలక పెట్టి జరిపి, తిరగేసి చూశారు. నీలం అంటిన చోటల్లా ఎత్తుగా ఉన్నట్టు. ఆ చుక్కల్ని స్క్రేపర్‌తో తురమాలి. మళ్లీ రాయాలి, మళ్లీ చూడాలి. రెండు రోజులు ఇదే పని. అడుగు కుదిరాక, వాలు సరిచెయ్యడానికి పైముఖం కూడా అలాగే తురిమాం. గుర్తుంచుకోండి, ముక్కు కిందకి వాలితే తురమాల్సింది ముందు కాదు, వెనకవైపు. తోక దిగితే ముక్కు లేస్తుంది.

చెకింగ్‌లో రెండు జాగ్రత్తలు. ఒకటి, డయల్ గేజ్ చక్‌లో బిగించి టైల్‌స్టాక్ చుట్టూ తిప్పినప్పుడు కనిపించే తేడాలో సగమే అసలు తప్పు. పైకీ కిందకీ 0.08 తేడా ఉంటే మీరు 0.04 తప్పారు. గేజ్ పట్టుకున్న కమ్మీ పొట్టిగా ఉండాలి, లేకపోతే దాని బరువుకి అదే వంగి అబద్ధం చెప్తుంది. రెండోది, సెంటర్ల మధ్య ఒక రాడ్డు పెట్టి రెండు కొసలూ ఒకే సెట్టింగ్‌లో కోసి కొలవండి. టైల్‌స్టాక్ వైపు లావుగా వస్తే, టైల్‌స్టాక్ టూల్‌కి దూరంగా ఉన్నట్టు. మీ వైపుకి జరపండి.

ఎత్తు చివర్లో 0.02 ఎక్కువ వచ్చింది. నేను ఇంకా తురమబోతే నాన్న ఆపారు. "అరిగేది కిందకే గానీ పైకి కాదు. అది ఉండనీ." పుస్తకాల్లో కూడా ఇదే రాస్తారు. ఆయన ఏ పుస్తకమూ చదవలేదు.

ఇంకో విషయం. నాన్న టైల్‌స్టాక్ స్క్రూ అంగుళాల లెక్కది. ఒక్క చుట్టుకి 2.54 మిల్లీమీటర్లు. నా మిషన్ అంతా మెట్రిక్. మారుద్దామా అనుకున్నాను, మార్చలేదు. లోతు కావాలంటే చుట్లు లెక్కపెట్టి గుణిస్తాను.

మొదటి బెజ్జం నాన్నే వేశారు. 8 మిల్లీమీటర్ల డ్రిల్, ఒక రాడ్డు. తీగలు రెండు వైపులా సమానంగా చుట్టుకుంటూ బయటికొచ్చాయి. అలా వస్తే డ్రిల్ రెండు అంచులూ సమంగా కోస్తున్నట్టు. ఆయన హ్యాండిల్ మీద చెయ్యి అలాగే ఉంచి, "పాత అడుగుపలక పారెయ్యకు. గోనెసంచిలో పెట్టు" అన్నారు.

పెట్టాను. నాలుగు బోల్టులు విప్పితే నాన్న టైల్‌స్టాక్ 2009లో ఎలా ఉందో అలాగే వస్తుంది. ఒక్క గీత కూడా పడలేదు.

మీ ఇంట్లో కూడా ఇలాంటి పాత పార్ట్ ఏదైనా ఉంటే, కోసేముందు ఒక్కసారి విప్పి చూడండి. ఎక్కడ రెండు ముక్కలవుతుందో వెతకండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇదే టైల్‌స్టాక్‌తో చెరువు ఏరేటర్‌కి ఒక బుష్ చేద్దాం. లేత్ ముందు పొడుగు చేతుల చొక్కా వద్దు, కళ్లద్దాలు మర్చిపోవద్దు. ఉంటానండీ.