ఓపెన్ సోర్స్ – విద్యార్థి శిక్షణ
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నన్ను మాటలాడుమని కార్యనిర్వాహకులు కోరినపుడు ఏదేని ప్రబంధమును గూర్చి చెప్పుదునని మీరు తలచియుందురు. నేడు నేనెన్నుకొన్న విషయము వేఱు. మన పిల్లలలో పెక్కురు కంప్యూటరు విద్య నభ్యసించుచున్నారు. తరగతిలో నేర్చినదానికిని పనిలో కావలసినదానికిని నడుమ పెద్ద అగడ్త యున్నది. దానిని దాటించు వంతెనలలో ఓపెన్ సోర్స్ అనునది యొకటి.

కంప్యూటరునకు మనుష్యుడు వ్రాసియిచ్చు ఆజ్ఞలకే కోడని పేరు. పెక్కు వ్యాపారసంస్థలు తమ కోడును పెట్టెలో నుంచి తాళము వేయును. ఓపెన్ సోర్స్ పద్ధతిలో నది బహిరంగము. ఎవ్వరైనను చదువవచ్చును, మార్చుకొనవచ్చును, ఇతరులకు పంచవచ్చును. 1983లో అమెరికాయందు రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అను ప్రయత్నమును ప్రకటించి యిట్టి స్వాతంత్ర్యమునకు పునాది వేసెను. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ఇరువదియొక్క యేండ్ల వయస్సున లినక్సును లోకమున కందించెను. మన చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనులకు లోపలి ఆధారమదియే. కోడును యంత్రభాషలోనికి మార్చు ఎల్.ఎల్.వి.ఎమ్. 2000లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున క్రిస్ లాట్నర్ అను విద్యార్థియు, విక్రమ్ అడ్వే అను ఆచార్యుడును పరిశోధనగా నారంభించినది. 2012లో నది ఏ.సి.ఎమ్. వారి సాఫ్ట్‌వేర్ సిస్టమ్ పురస్కారము నందెను. విద్యార్థి పని యని లోకము దానిని త్రోసివేయలేదు.

మన వాఙ్మయమున దీనికి సాటి లేకపోలేదు. నన్నయ యారంభించిన భారతము అరణ్యపర్వమధ్యమున నిలిచిపోయెను. తిక్కన విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములు రచించెను. నడుమ మిగిలిన భాగమును పిదప ఎఱ్ఱన పూరించెను. నన్నయ పోకడతో మొదలిడి తిక్కన పోకడలోనికి కథను చేర్చెనని విజ్ఞులందురు. ఇతరుల కోడునందు చేయి పెట్టు విద్యార్థికి కావలసిన మొదటి గుణమిదియే. తన పాండిత్యమును చూపుటకు ముందు, పూర్వుల పోకడ నెఱుంగవలయును.

ఈ శిక్షణ యెట్లు జరుగును? విద్యార్థి తాను వాడుచున్న యొక ప్రోగ్రామును ఎన్నుకొని దాని కోడును చదువును. చిన్న దోషమునొకదానిని సవరించి, పరీక్షించి, నిర్వాహకులకు పంపును. వారు పంక్తి పంక్తియు చూచి, “ఇది యేల? ఇచట నిట్లు వ్రాయుము” అని బదులిత్తురు. అతడు దిద్ది మరల పంపును. ఈ రాకపోకలే నిజమైన పాఠము. 2005లో టోర్వాల్డ్స్ రచించిన గిట్ అను సాధనము ప్రతి మార్పును పేరుతో, తేదీతో, కారణముతో భద్రపఱచును. లెక్కల పుస్తకమున కొట్టివేతలు పనికిరావు గదా! తప్పు దొరలినచో సవరణ పద్దు వ్రాయవలయును. ఇచటను మర్యాద యదియే.

ఇట్టి పనికి వేతనముతో కూడిన అవకాశములును గలవు. 2005లో గూగుల్ వారు సమ్మర్ ఆఫ్ కోడ్ ప్రారంభించిరి. విద్యార్థి తన ప్రణాళికను వ్రాసి పంపవలయును. ఎన్నికైనచో ననుభవజ్ఞుడొకడు మార్గదర్శియగును. 2022 నుండి విద్యార్థులు కాని నూతనాభ్యాసకులకును నందు ప్రవేశము గలదు. 2006లో స్త్రీలకై గ్నోమ్ వారు చేసిన ప్రయత్నమునుండి పెరిగిన అవుట్‌రీచీ మూడు మాసముల శిక్షణ నొసంగుచున్నది. ఇంటనుండియే పని చేయవచ్చును గనుక, ఊరు విడువలేని యాడపిల్లలకు నిది వరము.

అయినను ఒక హెచ్చరిక. 2020 అక్టోబరులో చొక్కా బహుమతికై పలువురు పనికిమాలిన మార్పులను పంపి నిర్వాహకులను విసిగించిరి. ఆ యుత్సవపు నియమములనే మార్పవలసివచ్చెను. యంత్రముచే వ్రాయించిన కోడును తాను గ్రహింపకయే పంపుటయు నట్టిదే. సొమ్ము పుచ్చుకొని పని నేర్పక ధ్రువపత్రము లిచ్చువారిని నమ్మకుడు. పేద తలిదండ్రుల కష్టార్జితము ఆ కాగితమునకు వెల కారాదు.

మన పిల్లలకు తెలివి కొఱత లేదు. పదిమందిలో తప్పు బయటపడునను సంకోచమే యడ్డము. ఆ సంకోచమును విడువుడు. ఆంగ్లమునకు జంకువారు తెనుగు అనువాదముతోనే యారంభింపవచ్చును. ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్ మొదలగువానికి తెనుగు రూపములు గలవు. వానిని సరిదిద్దుటయు సేవయే.

మన గ్రంథాలయమువారికి నాదొక విన్నపము. సాయంకాలములందు ఒక కంప్యూటరును, ఇంటర్నెట్టును విద్యార్థుల కందుబాటున నుంచుడు. వేటపాలెమున 1918లో సారస్వత నికేతనమును నెలకొల్పినవారు చదువరికి పుస్తకము చేరవలెనని తలచిరి. నేడు తెఱచిన కోడును అట్టి పుస్తకమే. దానిని చదివి, యొక పంక్తినైనను చేర్చగల బిడ్డలు ఈ గదినుండి వెలువడుదురుగాక!