పాత నగలలోని ఎఱ్ఱరాళ్ళు

పెట్టె అడుగున గుడ్డలో చుట్టి దాచిన కెంపుల కమ్మలజత లేని పాత సంసారము మన ప్రాంతమున అరుదు. చందూరు, వర్ని, బోధన్ వైపున ఈ మాట మఱింత నిజము. నిజాంసాగరు కాలువల క్రింద వరిని, చెఱకును నమ్ముకొని కోస్తా జిల్లాలనుండి వచ్చి క్యాంపులు కట్టుకొన్న కుటుంబములు తమ కాసులపేళ్ళను, కెంపుల అడ్డిగలను వెంట తెచ్చుకొన్నవి. ఇక్కడివారికి గుండ్లపేరు, పట్టెడ, నాను ఉండనే ఉన్నవి. పెండ్లిపందిరిలో ఈ రెండు సంప్రదాయముల నగలును ప్రక్కప్రక్కన మెఱయుచుండును. వానిలోని ప్రతి ఎఱ్ఱరాతిని ఇంటిల్లిపాదియు కెంపు అనియే పిలుతురు. చిక్కంతయు ఆ పిలుపులోనే ఉన్నది.

నేనెఱిగిన ఒక ఇంట తల్లి గతించిన పిమ్మట అక్కచెల్లెండ్రు ఇరువురు నగలు పంచుకొనిరి. అక్కకు తూకము గల హారము, చెల్లెలికి కమ్మలు వచ్చినవి. "కమ్మలలోనివి బర్మా కెంపులమ్మా, బంగారము తక్కువైనను విలువ సరిపోవును" అని పెద్దలు తీర్పు చెప్పిరి. కొంతకాలమునకు అవసరము వచ్చి చెల్లెలు కమ్మలను అంగడికి తీసికొనిపోగా, వర్తకుడు రాళ్ళవంక సరిగా చూడనైన చూడక, "ఇవి గాజు" అని ప్రక్కకు నెట్టెను. అక్కకు ముందే తెలిసియుండునన్న అనుమానము పుట్టెను. రెండేండ్లు ఒకరి గడప ఒకరు త్రొక్కలేదు.

ఇట్టి తగవులలో ఇంటియందే కొంత పరీక్ష చేసికొనవచ్చును. కాని ముందుగా ఒక హెచ్చరిక. పాత నగలలో రాతికి వెనుకవైపు మూసియుండును. లోపల లక్క, దానిపై మెఱుగు రేకు, ఆపైన రాయి. ఆ రేకు రాతికి లేని కాంతిని తెచ్చిపెట్టును. అట్టి నగను కుంకుడురసములో నానబెట్టితిమా, నీరు లోనికి దిగి రేకు నల్లబడును. అంతటితో మంచి కెంపు కూడ చచ్చినట్లు కనబడును. కావున కడుగరాదు, కాచరాదు. గీచి చూచుట అసలే కూడదు. గాజుపై గీతపడినంత మాత్రమున అది కెంపు కానక్కఱలేదు. గీచునవి ఇంకను పెక్కు రాళ్ళు కలవు.

కెంపు కురువిందజాతిది. శాస్త్రజ్ఞులు వాడు కొరండమ్ అను పేరు మన దక్షిణదేశపు మాటనుండి పోయినదే. అల్యూమినియము ప్రాణవాయువుతో కలిసిన ఈ ఖనిజమున లేశమంత క్రోమియము చేరుటచే ఎఱుపు వచ్చినది. కాఠిన్యమున వజ్రమునకు 10 అయినచో దీనికి 9. అందుచేత అఱువదియేండ్లు ధరించినను పలకల అంచులు వాడిగా నుండును. గాజు అంచులు మొద్దుబాఱి, పైన సన్నని గీతలు పడియుండును. గడియారములు బాగుచేయువారు కంటికి పెట్టుకొను భూతద్దముతో చూచిన ఈ భేదము స్పష్టముగా తెలియును. గాజులో గుండ్రని గాలిబుడగలు కూడ తఱచుగా కనబడును. రాతిపై ఊదినచో కెంపుపై పట్టిన ఆవిరి చప్పున పోవును. గాజుపై కొంత తడవు నిలుచును.

నేడు ప్రతి అంగడిలోను నోట్లను పరీక్షించు అతినీలలోహిత దీపము ఉన్నది. చీకటిగదిలో దానిని నగపై వేసి చూడుడు. బర్మా కెంపు నిప్పుకణమువలె వెలుగును. గార్నెట్ వెలుగదు, గాజు సామాన్యముగా వెలుగదు. అంచులలోని లక్క నారింజరంగున వెలిగి మోసము చేయును గనుక రాతినడుమ చూడవలెను. సియాం దేశపు కెంపులలో ఇనుము హెచ్చుగా నుండుటచే వెలుగు మందము. కాబట్టి వెలుగని ప్రతి రాతిని త్రోసివేయరాదు.

గార్నెట్ మన రాష్ట్రమునకు క్రొత్త కాదు. కొత్తగూడెము చెంత గరీబుపేట ప్రాంతమున అది విరివిగా దొరకును. ఆ రాతికిని పుదుచ్చేరి సమీపమున అరికమేడులో దొరికిన పూసల రాతికిని పోలిక కలదని పరిశోధకులు కనుగొనిరి. దాని ఎఱుపులో కొంత గోధుమ, కొంత ఊదా చాయ తోచును. ఊడిన రాయి చేతనున్నచో చిన్న థర్మోకోలు ముక్కపై పెట్టి నీటిలో తేలవిడిచి, బలమైన నియోడిమియం అయస్కాంతమును దగ్గఱకు తెండు. గార్నెట్ అయినచో తెప్ప కదలివచ్చును, కెంపు రాదు. పిల్లలకిది మంచి వేడుక.

స్పినెల్ అను మఱొక రాయి కలదు. రాజులే దానిచేత మోసపోయిరి. మొగలు చక్రవర్తుల పేళ్ళు చెక్కిన, 350 క్యారెట్లకు పైబడిన తైమూరు కెంపు కెంపు కాదు, స్పినెలే. ఇంగ్లండు రాజకిరీటమున ముందువైపు పొదిగిన బ్లాక్ ప్రిన్స్ కెంపును అంతే. స్పినెల్ కూడ దీపమునకు వెలుగును. దానిని ఇంట తేల్చుట కష్టము, ప్రయోగశాలకే వదలవలెను.

అన్నిటికంటె పెద్ద చిక్కు కృత్రిమ కెంపు. 1902లో ఫ్రాన్సుదేశీయుడు వెర్నూయీ అల్యూమినాపొడిని మంటలో కరగించి కెంపును చేయు విధానమును ప్రకటించెను. కొలది సంవత్సరములలోనే అది లక్షల క్యారెట్లలో బజారుకెక్కినది. ఇది గాజు కాదు; కెంపు పదార్థమే, కాఠిన్యమొకటే, దీపమునకు మఱింత ధగధగ వెలుగును. ఎంత నిర్మలముగా నుండునో అంత అనుమానింపవలెను. భూతద్దముతో లోపల చూచిన గ్రామఫోను రికార్డు గీతలవలె వంపు తిరిగిన చాఱలు కనబడును. సహజ రాతిలో చాఱలు వంపు తిరుగవు, తిన్నగానే యుండును. పట్టుపోగులవంటి సన్నని సూదులును ఉండవచ్చును. మన అమ్మమ్మల నగలలో "బర్మావి" అని పేరుపడినవానిలో ఇట్టివి తక్కువేమియు కాదు. కొన్నవారు గాని, అమ్మిన కంసాలి గాని మోసము తలచిరనుట తొందఱపాటు. చాలమందికి భేదమే తెలియదు.

ఆ కమ్మలను చివరకు దీపము క్రింద పెట్టి చూచితిమి. పదునాలుగు రాళ్ళలో పదకొండు వెలిగినవి, మూడు నల్లగా నిలిచినవి. ఆ మూడును ఎప్పుడో ఊడినచోట అతికిన గాజుముక్కలు. వెలిగినవానిలో భూతద్దమునకు వంపుచాఱలు చిక్కినవి. అనగా తీర్పుచెప్పిన పెద్దలదియు ఒప్పు కాదు, వర్తకునిదియు ఒప్పు కాదు. అక్క ఆ భూతద్దమును చాలసేపు కంటినుండి తీయలేదు. తరువాత హారమునుండి నాలుగు గుండ్లు విప్పించి చెల్లెలికిచ్చినది.

నగను తాకట్టు పెట్టినచోట సామాన్యముగా రాళ్ళ తూకము తీసివేసి బంగారమునకే విలువ కట్టుదురు. హాల్‌మార్కు ముద్రయు బంగారమును గూర్చియే చెప్పును. కావున పాత నగను కరగింప నిచ్చునపుడు రాళ్ళను లెక్కించి, మీ యెదుటనే తీయించి, పొట్లము కట్టించి తెచ్చుకొనుడు. వానిలో చాఱలు వంపులేనివి, లోన సూదులున్నవి ఒకటి రెండు కనబడినచో, అమ్మకమునకు ముందు జయపురములోని రత్నపరీక్షాశాల వంటి చోటికి పంపి ధ్రువపత్రము తెప్పించుకొనుట మేలు.