జ్వరం తిరగబెడుతోందా? డాక్టర్‌కి మీ గేదె సంగతి కూడా చెప్పండి!

ఈ ఎపిసోడ్ ఇంట్లో గేదెలు, ఆవులు, గొర్రెలు, మేకలు ఉన్నవాళ్ల కోసం. మీకు లేకపోయినా ఊళ్లో తాతయ్య వాళ్లకో, బాబాయి వాళ్లకో ఉంటాయి కదా. కాబట్టి స్కిప్ చేయకండి.

విషయం ఏంటంటే, కొందరికి జ్వరం వస్తూ పోతూ ఉంటుంది. రాత్రిళ్లు చెమటలు, నడుము నొప్పి, కీళ్ల నొప్పులు, నీరసం. టైఫాయిడ్ అనుకుని మందులు వాడితే కాస్త తగ్గినట్టుంటుంది, మళ్లీ మొదలు. ఇలా వారాల తరబడి సాగితే అనుమానించాల్సిన వాటిలో బ్రూసెల్లోసిస్ ఒకటి. పశువుల్లో దీన్ని ఈసుడు రోగం అంటారు. చూడి పశువు నెలలు నిండకుండానే ఈసుకుపోతుంది.

చిన్న ఫ్లాష్‌బ్యాక్. మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికులు ఇలాంటి జ్వరంతోనే చనిపోయేవారు. 1887లో డేవిడ్ బ్రూస్ అనే డాక్టర్ ఆ క్రిమిని కనిపెట్టాడు. కానీ అది ఎక్కడి నుంచి వస్తోందో తెలియడానికి 1905 దాకా పట్టింది. మేకల నుంచని తేల్చింది థెమిస్టోక్లిస్ జామిట్ అనే అక్కడి డాక్టర్. ఇంత ఆలస్యం ఎందుకు? ఆ మేకలు చూడ్డానికి ఆరోగ్యంగానే ఉన్నాయి మరి! సైనికులకు మేక పాలు ఆపేశాక కేసులు బాగా తగ్గిపోయాయి.

మన ఇళ్లలో పాలు కాచే తాగుతాం, అది చాలా మంచిది. కానీ ఇంకో దారి ఉంది: మన చేతులు. ఈసుకుపోయిన దూడ, మాయ, ఆ ద్రవాల్లో ఈ క్రిములు కోట్లలో ఉంటాయి. ఒట్టి చేతులతో లాగితే, చేతి మీద చిన్న గాయం ఉన్నా చాలు, లోపలికి వెళ్లిపోతాయి.

మరి ఏం చేయాలి? గ్లౌజులు, మాస్క్ వేసుకోండి. మాయను కుక్కలకు వేయకండి, సున్నం చల్లి లోతుగా పూడ్చండి. గర్భిణులను అటు వెళ్లనివ్వకండి. పశువుల డాక్టర్‌కి కబురు చేయండి. 4 నుంచి 8 నెలల పెయ్య దూడలకు టీకా ఉంది, జీవితంలో ఒక్కసారి వేయిస్తే చాలు.

ఇప్పుడు అసలు పాయింట్. జ్వరంతో వెళ్లినప్పుడు డాక్టర్ మీ పశువుల గురించి అడగకపోవచ్చు. మీరే చెప్పండి: "సార్, మాకు గేదెలున్నాయి, ఈమధ్యే ఒకటి ఈసుకుపోయింది." ఈ ఒక్క మాటతో ఏ రక్త పరీక్ష రాయాలో ఆయనకు క్లూ దొరుకుతుంది. లాగ్స్ చూడకుండా సర్వర్ రీస్టార్ట్ చేస్తూ కూర్చుంటే బగ్ పోదు కదా, ఇదీ అంతే.

ఈ జబ్బుకు మందులున్నాయి. సాధారణంగా రెండు రకాల యాంటీబయాటిక్స్, కనీసం 6 వారాలు. జ్వరం తగ్గింది కదా అని మధ్యలో ఆపేస్తే తిరగబెట్టొచ్చు, కీళ్లూ వెన్నెముకా దెబ్బతినొచ్చు. డాక్టర్ చెప్పకుండా సొంతంగా మాత్రం వాడకండి.

పాడి ఉన్న ఇంటి వాళ్లకు, గొర్రెలు కాసే అన్నలకు ఈ వీడియో వాట్సాప్‌లో పంపండి. డౌట్స్ ఉంటే కామెంట్ చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!